జంబయ్యకు పట్టిన చూపుల పిచ్చి

గుట్ట దిగువన, ఊరు అయిపోయిన చోట, ఓబయ్య కొట్టం ఉంది. కొట్టం చుట్టూ నిలువెత్తు ముళ్లకంప దడి. దడి లోపల పని మానేసిన ముసలి కర్రెద్దు, బూచోడనే కుక్క, పదిహేను కోళ్లు. దడి బయట, కలబంద పొద చాటున, మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఒక నక్క.

ఆ నక్క పేరు జంబయ్య. గుట్టమీద బండల సందున కాపురం. ఆ బండల్లోనే పుట్టి ఎనిమిదేళ్లు పెరిగాడు కానీ చుట్టుపక్కల ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో అడిగితే చెప్పలేడు. ఏ కోడి ఎప్పుడు గుడ్డు పెడుతుందో మాత్రం నోటికి వచ్చు. ముక్కు నేలకానించి నడవడమే తప్ప, తలెత్తి చూసే అలవాటు అతని వంశంలోనే లేదు. చూసి ఏం చేస్తాం, తినేదంతా కిందే ఉంటుంది కదా అని వాళ్ల నాన్న అంటుండేవాడు.

రోహిణీ కార్తె ఎండలు కాస్తున్నాయి. ఓబయ్య, అతని పెళ్లాం సుంకమ్మ చేలో కొయ్యలు ఏరడానికి పోయారు. సుంకమ్మ నెత్తిమీది సద్దిగంప వెనకే బూచోడు కూడా పోయాడు. అదను చూసుకుని జంబయ్య దడి దగ్గరికి వచ్చి, ముళ్ల సందులోంచి లోపలికి కన్ను పెట్టాడు.

లోపల చుక్కమ్మ దుమ్ములో స్నానం చేస్తోంది. ఒంటినిండా తెల్లచుక్కలున్న బలమైన పెట్ట. పదకొండు గుడ్లు పొదుగుతోంది. రోజుకి ఒక్కసారి లేచి నాలుగు గింజలు తిని, ఇలా దుమ్ములో దొర్లి, మళ్లీ గుడ్ల మీదికి పోతుంది.

"అత్తా, బాగున్నావా?" అన్నాడు జంబయ్య, గొంతులో బెల్లం కలిపి.

చుక్కమ్మ తల పక్కకి వంచి ఒంటికంటితో చూసింది.

"అల్లుడు ఇంటికొస్తే కోడిని కోయాలి కదా జంబయ్యా. అందుకేనా ఈ వరస కలుపుతున్నావు?"

కొట్టంలో కర్రెద్దు నెమరు ఆపి బుస్సుమని నవ్వింది. దాని పేరు కర్రెన్న. ఏడాదికి నాలుగు మాటలకంటే మాట్లాడదు, కానీ అన్నీ వింటుంది.

జంబయ్య సిగ్గుపడినట్టు నటించి పొద చాటుకి తప్పుకున్నాడు. వెళ్లిపోలేదు. చెవులు మాత్రం అక్కడే ఉంచాడు. కాసేపటికి చుక్కమ్మ నిట్టూర్చడం వినిపించింది.

"ఏం బతుకులే కర్రెన్నా! పోయిన యేడు పిల్లల్ని పోగొట్టుకున్నప్పటి నుంచి ఈ దడి దాటి అడుగు పెట్టలేదు. బయట లోకం ఎలా ఉందో మరిచేపోయాను. ఎవరైనా చూసొచ్చి చెబితే బాగుండు. కాళ్లు కూడా లాగుతుంటాయి ఒక్కోసారి."

పోయిన యేడు ఆ పిల్లల్ని వేరుశనగ చేను గట్టున ఒక్కొక్కటిగా మాయం చేసింది జంబయ్యే. కోళ్లకి మతిమరుపు ఎక్కువని అతని నమ్మకం. కాళ్లు లాగుతున్నాయన్న మాట ఒక్కటే అతని చెవిలో తేనెచుక్కలా పడింది. మర్నాడు మధ్యాహ్నం ముందే వచ్చేశాడు.

"అత్తా, బయట ఎంత అందంగా ఉందనుకున్నావు! నువ్వొకసారి వచ్చి చూడాలి."

"ఏముంది అంత అందంగా?"

"అంతా అందమే."

"అంతా అంటే?"

"పచ్చగా ఉంది. చేలన్నీ పచ్చగా, కళకళలాడుతూ..."

కోళ్లన్నీ ఒక్కసారి గొల్లున నవ్వాయి.

"రోహిణిలోనా?" అంది చుక్కమ్మ. "ఎండకి నా కింద గుడ్లు ఉడికిపోతున్నాయి. నీకు పచ్చని చేలు ఎక్కడ కనబడ్డాయి అల్లుడూ? నువ్వు చూసి చెబుతున్నావా, ఊహించి చెబుతున్నావా? పో, సరిగ్గా చూసి రా. విన్నానంటే నా కాళ్లు వాటంతట అవి దడి దాటాలి. అలా చెప్పగలిగితే వస్తాను."

"మాట మీద ఉంటావా?"

"నా కాళ్లు దాటితే నేను ఆగుతానా?"

జంబయ్య విసురుగా చేలలోకి నడిచాడు. ఏం చూడాలో తెలియలేదు. ఎటు చూసినా ఎర్రనేల, పగుళ్లు, మోడుకట్టిన చెట్లు. పుట్టాక మొదటిసారి పనిగట్టుకుని తలెత్తి నిలబడ్డాడు. మెడ నొప్పెట్టింది. పోనీ ఇంటికి పోదామనుకునేంతలో చేను నడుమ నుంచి సుడిగాలి లేచింది. ఎండుటాకుల్ని, పొట్టుని, ఎక్కడిదో ఎర్ర కాగితం ముక్కని చుట్టుకుని, గట్టు వెంట ఆడుకుంటూ పోయి, రేగుచెట్టు దగ్గర అలిసిపోయినట్టు ఆగిపోయింది.

పరిగెత్తుకొచ్చి చెప్పాడు. చుక్కమ్మ శ్రద్ధగా వింది.

"బాగుంది అల్లుడూ. మరి ఆగిపోయాక ఆకులు ఎలా పడ్డాయి? ఒక్కసారిగానా, ఒక్కొక్కటిగానా?"

"పడ్డాయి. పడటమంటే పడటమే కదా!"

"నా కాళ్లు ఇంకా ఇక్కడే ఉన్నాయి," అని చుక్కమ్మ కాళ్లవైపు చూసుకుని, గుడ్ల మీదికి వెళ్లిపోయింది.

ఇంకో సుడిగాలి కోసం జంబయ్య మూడు రోజులు చేలో కూర్చున్నాడు. నాలుగోరోజు వచ్చింది. ఆకులు ఒక్కసారిగా పడలేదు. బరువైనవి ముందు పడ్డాయి. తేలికవి ఇంకా గాలి ఉందనుకుని కాసేపు పైనే తిరిగాయి. అన్నిటికంటే ఆఖరున ఒక వేపాకు, దిగాలా వద్దా అని తూగుతూ తూగుతూ వచ్చి అతని ముక్కుమీదే వాలింది. జంబయ్యకి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వాడో అతనికే తెలియలేదు.

ఆ సంగతి చెబితే చుక్కమ్మ ఒక అడుగు దడివైపు వేసింది. కానీ రెండో అడుగు వేయలేదు.

"దాదాపు కదిలాయి," అంది. "ఇంకొక్కటి ఏదైనా చూసి రా."

* * *

మృగశిరలో మొదటి వాన పడింది. తడిసిన మట్టి వాసన ఎలా ఉందో చెప్పమంది చుక్కమ్మ. లోపలికి కూడా వస్తుంది కదా అంటే, "మాది పేడ కలిసిన వాసన అల్లుడూ, అసలుది చెప్పు," అంది. వాసనల సంగతి తన సొత్తేననుకున్న జంబయ్య, అది మాటల్లో పెట్టడానికి రెండు రోజులు కష్టపడ్డాడు. ఇంకోరోజు వాన వెలిసిన సాయంత్రం, తుమ్మచెట్టు కింద పుట్టలోంచి ఉసిళ్లు లేవడం చూసొచ్చి, నేల ఊపిరి వదులుతున్నట్టుందని చెప్పాడు. ఆ పుట్ట ఎక్కడుందో గుర్తులతో సహా అడిగి తెలుసుకుంది చుక్కమ్మ. అంత ఇష్టంగా వింటుంటే ఎవరికి మాత్రం చెప్పబుద్ధి కాదు!

ఆరుద్ర కార్తె వచ్చేసరికి గుడ్లు పగిలి పదకొండు పిల్లలూ బయటికొచ్చాయి. అదే వారంలో చేలనిండా ఆరుద్ర పురుగులు తేలాయి. ముఖమల్ ముక్క కత్తిరించి కాళ్లు కుట్టినట్టుండే ఎర్రటి పురుగులు. జంబయ్య ఒకదాన్ని చూసి అక్కడే చతికిలబడ్డాడు. ఎన్ని ఏళ్లుగా వీటిని తొక్కుకుంటూ పోయాడో! దీన్ని మాటల్లో చెప్పడం తనవల్ల కాదనుకుని, ఆముదపాకు మీదికి ఎక్కించి, కాడ పంటితో పట్టుకుని, పురుగు కిందపడకుండా మెల్లమెల్లగా దడిదాకా మోసుకొచ్చాడు.

చుక్కమ్మ దడి సందు దగ్గరికి వచ్చింది. ముక్కుకీ ముక్కుకీ మధ్య జానెడు దూరం. పిల్లలు కూడా తల్లి రెక్కల కింద నుంచి తలలు బయటపెట్టాయి.

"అమ్మా, దీన్ని తినొచ్చా?" అంది ఒక పిల్ల.

జంబయ్య కంగారుగా ఆకు కిందపెట్టి, "తినడానికి కాదు! చూడటానికి!" అని గదిమాడు.

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక తన నోట అలాంటి మాట రావడం అదే మొదలు.

పిల్లలు చాలాసేపు చూశాయి. చుక్కమ్మ మెచ్చుకుంది. జంబయ్య పొంగిపోయి, పురుగుని మళ్లీ ఆకుమీద ఎక్కించి, ఎక్కడ దొరికిందో అక్కడే దించి, ఈల వేసుకుంటూ గుట్టెక్కాడు. సగం దూరం ఎక్కాక గుర్తొచ్చింది. కోడి జానెడు దూరంలో నిలబడింది. పదకొండు పిల్లలతో సహా నిలబడింది. తన నోట్లో ఆకు ఉంది!

అక్కడే బండకేసి నుదురు కొట్టుకున్నాడు.

ఇంట్లో నారమ్మ వాగులో పట్టిన ఎండ్రకాయలు ముందు వేసుకుని కూర్చుంది. ఆమె జంబయ్య పెళ్లాం. ఒళ్లు వంచి పనిచేసే మనిషి. మాట మాత్రం ముల్లు.

"ఏం తెచ్చావు?"

"ఇవాళ ఆరుద్ర పురుగుల్ని చూశానే. వాటి ఎరుపు ఎలాంటిదంటే..."

"కోడి ఏదంటున్నా."

"వస్తుంది. దాదాపు వచ్చేసింది. ఇంకొక్క కబురు చాలు."

"నెల నుంచి ఇంకొక్కటే," అని నారమ్మ ఒక ఎండ్రకాయ అతనివైపు తోసింది. "మొదట కోడిని తిందామని పోయేవాడివి. ఇప్పుడు కోడికి కబుర్లు చెప్పడానికి పోతున్నావు. నీకు చూపుల పిచ్చి పట్టింది."

జంబయ్య ఎండ్రకాయ తిన్నాడు. డొప్ప లోపలివైపు లేత ఊదారంగు ఉందని అప్పుడే గమనించాడు. నారమ్మకి చెబుదామనుకుని, మొహం చూసి మానుకున్నాడు.

* * *

వానలు వెనకపట్టాయి. సజ్జ కంకులు పాలు పోసుకుని, గట్టిపడి, కోతకొచ్చాయి. కోసిన కంకులు కొట్టం వెనకనున్న కల్లానికి చేరాయి. జంబయ్య కబుర్లకి ఇప్పుడు చుక్కమ్మ ఒక్కతే కాదు, కోళ్లన్నీ దడి దగ్గర చేరుతున్నాయి. కర్రెన్న కూడా తాడు ఎంత పొడవుంటే అంత ముందుకొచ్చి నిలబడుతోంది. పిల్లలు "జంబయ్య బావ వచ్చాడు" అని రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఆ పిలుపు విన్నప్పుడల్లా వాటిని తినాలన్న సంగతి గుర్తుతెచ్చుకోవడానికి అతను కాస్త కష్టపడవలసి వచ్చేది.

ఒకరోజు చుక్కమ్మ అడిగింది. "పాలపిట్ట కనబడితే మంచిదని సుంకమ్మ అంటుంటుంది. నీలంగా ఉంటుందట. మా దడిమీద వాలేది చూస్తే మట్టిరంగే. అల్లుడూ, అది తన నీలాన్ని ఎక్కడ దాస్తుంది?"

చేల మధ్య కరెంటు స్తంభం ఒకటుంది. దానిమీద పాలపిట్ట కాపురం పెట్టినట్టు కూర్చుంటుంది. జంబయ్య దాని కింద ఏడు రోజులు కూర్చున్నాడు. ఆరోరోజున బలిసిన పొలం ఎలుక ఒకటి అతని ముందుకాళ్ల సందునుంచి దాటిపోయింది. అతను తల దించలేదు.

ఎనిమిదో రోజు దడి దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"పెట్టెలో మడతపెట్టి దాచుకున్న పట్టుచీర చూశావా అత్తా? పైకి ఒక మడతే కనబడుతుంది. అదేమంత రంగుగా ఉండదు. కూర్చున్న పాలపిట్ట అంతే. ఎగిరిందా, ఎవరో చీర విప్పి దులిపినట్టే! అదీ ఒక నీలం కాదు, రెండు. ఒకటి వాన వెలిసిన పొద్దుటి ఆకాశం. రెండోది సుంకమ్మ బట్టలకి పెట్టే నీలిమందు. వాలేముందు ఒక్క క్షణం రెండూ కలిసి కనిపిస్తాయి. తర్వాత మడత పెట్టేసుకుంటుంది. మళ్లీ మట్టిరంగు. తనకేమీ తెలియనట్టు కూర్చుంటుంది."

కర్రెన్న నెమరు మరిచిపోయింది.

"అబ్బ!" అంది చుక్కమ్మ. ఈసారి ఆ గొంతులో ఎగతాళి లేదు. జంబయ్యకి కడుపు నిండినట్టయింది.

"ఇంకా ఏమేం చూశావు?"

"కల్లంలో సజ్జలు రాలి ఉన్నాయి అత్తా. పొద్దున ఎండ పడితే ముత్యాలు ఆరబోసినట్టు మెరుస్తున్నాయి. పడమటి మూల ఎక్కువ."

"పడమటి మూలా?" అంది చుక్కమ్మ. "సరే. వాగు అవతల రెల్లు పూసిందేమో చూశావా? తెల్లగా, గాలికి నురగలా ఊగుతుందట. అదొక్కటి చూసొచ్చి చెప్పావంటే, నా కాళ్లమీద ఒట్టు, ఇక ఆగవు."

వాగు అవతలంటే పోనూ రానూ ఒక పూట. జంబయ్య ఎగురుకుంటూ పోయాడు.

* * *

చలికాలం చివరికొచ్చింది. కంది కోశారు, మిరప ఎర్రబడి కల్లానికొచ్చింది. చుక్కమ్మ కాళ్లు మాత్రం కదలలేదు. పొగమంచు, కంది పూత, గడ్డిపరక మీది మంచుబొట్టు, ఎన్ని చెప్పినా "దాదాపు" దగ్గరే ఆగిపోయాయి.

ఒకనాడు పొద్దెక్కాక నారమ్మ వాగునుంచి వచ్చి, ఒళ్లు దులుపుకుంటూ అంది.

"నీ అత్త బాగా బలిసింది."

"ఎక్కడ చూశావు?"

"కల్లంలో. పదకొండు పిల్లల్నీ వెంటేసుకుని కందులు ఏరుకు తింటోంది. పిల్లలు కాదవి, ఒక్కొక్కటి నీ తలకాయంత ఉంది. దడి వెనకవైపు అడుగున కంత ఉంది. అందులోంచి వచ్చి అందులోంచే పోతున్నాయి. ఇవాళే కాదు, నేను చూడబట్టే నాలుగు రోజులు."

"పట్టలేకపోయావా?"

"బండి కింద బూచోడు పడుకుని ఉన్నాడు. అయినా ఆ కోడి నీది కదా, నీకోసం అట్టే ఉంచాను."

జంబయ్యకి ఒక్కొక్కటీ తలకెక్కసాగింది. ఉసిళ్ల పుట్ట గుర్తులు చెప్పింది ఎవరు? తనే. ఆ తర్వాత ఒక్క ఉసిలైనా కనబడిందా? సజ్జలు ఏ మూల రాలాయో చెప్పింది తనే. తను వాగు అవతల రెల్లు చూస్తూ నిలబడినప్పుడు వాళ్లంతా పడమటి మూల విందు చేసుకున్నారన్నమాట. చుక్కమ్మ దడి దాటని రోజంటూ ఒక్కటి లేదు. తను ఎటు పోతున్నాడో తననే అడిగి, తను లేనివైపు పోయింది.

అన్నిటికంటే ఒక మాట అతన్ని ఎక్కువ గుచ్చింది. పైకి అనేశాడు.

"అయితే పాలపిట్ట సంగతి విని 'అబ్బ' అన్నది కూడా దొంగదేనా?"

నారమ్మ నెత్తి కొట్టుకుంది.

మర్నాడు జంబయ్య ఏమీ ఎరగనట్టు దడి దగ్గరికెళ్లాడు. "అత్తా, రేపు పొద్దున్నే వాగు ఒడ్డుకి పోతున్నా. నీళ్లమీద నుంచి పొగమంచు ఎలా లేస్తుందో చూసొస్తా."

"చల్లగా పోయిరా అల్లుడూ," అంది చుక్కమ్మ. "నిదానంగా చూడు. తొందరేం లేదు."

తెల్లారి ఎండ పొడ తగిలేసరికి అతను కల్లంలో కందికట్టె మోపుల నడుమ దూరి ఉన్నాడు. కట్టె రంగూ అతని రంగూ ఒకటే. పది అడుగుల దూరంలో ఓబయ్య బండి. బండి కింద బూచోడు ముడుచుకుని గుర్రుపెడుతున్నాడు. ఒక్క దూకు, ఒక్క కాటు, కుక్క లేచేలోగా గట్టు దాటేయడం. లెక్క సరిగ్గా ఉంది.

ఎదురుగా మిరపపళ్లు ఆరబోసి ఉన్నాయి. వాటిమీద మంచు పడి ఆరుతోంది. ఎండ సోకినచోట ఎరుపు, సోకనిచోట ఇంకో ఎరుపు. ఆ రెండింటి మధ్య గీత మెల్లగా జరుగుతూ...

'చూడకు,' అని తనని తనే తిట్టుకున్నాడు జంబయ్య. 'కోడిని చూడు.'

కోడి వచ్చింది. వెనక పదకొండూ వచ్చాయి. కందిగింజలు ఏరుకుంటూ, గీరుకుంటూ మోపుల దాకా వచ్చాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే చాలు. చుక్కమ్మ గభాల్న ఆగింది. తల పక్కకి వంచి ఒంటికంటితో మోపువైపు చూసింది. జంబయ్య ఊపిరి బిగబట్టాడు. ఆమె మళ్లీ నేల గీరుకుంటూ వెనక్కి తిరిగింది.

"పిల్లలూ, తిన్నది చాలు. ఇలా బండి దగ్గరికి రండి. మీ జంబయ్య బావ చెప్పిన కబుర్లు చెబుతా."

పిల్లలన్నీ బండి చుట్టూ చేరాయి. అన్నీ ఒకేచోట! ఇంతకంటే అదను ఏముంటుంది? జంబయ్య వెనకకాళ్లు కూడదీసుకున్నాడు.

"రెల్లు పూస్తే ఎలా ఉంటుందన్నాడో తెలుసా?" అంది చుక్కమ్మ. "గాలికి వంగినప్పుడు వెండిలా, లేచినప్పుడు పాలలా. అలా చూడటం ఎవరికి వస్తుంది చెప్పండి!"

జంబయ్య ఛాతీ ఉప్పొంగింది. ఈ ఒక్కటీ విని దూకుదాంలే అనుకున్నాడు.

"సుడిగాలి సంగతి కూడా చెప్పాడు. ఆగిపోగానే ఆకులన్నీ ఒక్కసారిగా దబ్బున కిందపడతాయట."

మోపులో ఒక కట్టె టక్కుమంది. జంబయ్య పెదవి కొరుక్కున్నాడు. ఒక్కసారిగానా? నాలుగు రోజులు కూర్చున్నది ఎందుకు మరి?

"ఆరుద్ర పురుగు ఉందే, అది గరుగ్గా, పల్లేరుకాయలా గుచ్చుకునేట్టు ఉంటుందట."

జంబయ్య కళ్లు మూసుకున్నాడు. 'ముఖమల్ అత్తా, ముఖమల్,' అనుకున్నాడు లోపల.

"ఇక పాలపిట్ట," అంది చుక్కమ్మ, గొంతు పెంచి. "కూర్చున్నప్పుడు చూడాలట దాన్ని, ఒళ్లంతా నీలమే! ఎగిరితే మాత్రం ఏముంది, మట్టిరంగు..."

"తలకిందులు!"

మోపులు నాలుగువైపులా చెదిరిపడ్డాయి. జంబయ్య కల్లం నడుమ నిలబడి ఉన్నాడు. ఒంటినిండా కందిపొట్టు.

"తలకిందులుగా చెబుతున్నావు అత్తా! కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే నీలం! రెండు నీలాలు! ఏడు రోజులు స్తంభం కింద కూర్చున్నవాణ్ని నేను! పిల్లలకి తప్పు చెబుతావా?"

"లేవండి!" అని అరిచింది చుక్కమ్మ.

పదకొండూ ఒక్కసారి బండి తొట్టెమీదికి ఎగిరాయి. వాటి వెనకే తల్లీ ఎగిరింది. ఆ చప్పుడుకి బూచోడు లేచాడు. లేస్తూనే జంబయ్యని చూశాడు. జంబయ్యకి ఎడమవైపు కుక్క, కుడివైపు బండి, వెనక చెదిరిన మోపులు. మిగిలింది ఎదురుగా ఉన్న మిరపపళ్లు. వాటిమీద నుంచే పరుగు తీశాడు. ఎండి గలగలలాడుతున్న పళ్లు కాళ్లకింద పగిలి, గింజలు, ఘాటు, ఎర్రటి దుమ్ము పైకి లేచాయి. కళ్లు భగ్గుమన్నాయి. తుమ్ముతూ, దేక్కుంటూ, మధ్యలో రెండుసార్లు గట్టుమీద బోర్లాపడి, ఎలాగో గుట్ట చేరాడు. బూచోడికీ ఘాటెక్కి సగంలోనే వెనక్కి తిరిగాడు కాబట్టి జంబయ్య బతికాడు.

వెనకనుంచి చుక్కమ్మ కేక వినిపించింది. "అల్లుడూ! నువ్వు లేనివైపు పోవాలంటే నువ్వు ఎటున్నావో నాకు తెలియాలి కదా! పదకొండు నోళ్లు నింపాలి నేను! కానీ పాలపిట్ట కబురు మాత్రం నిజంగానే బాగుంది!"

జంబయ్య ఆ ఆఖరి మాట విని తుమ్మడం ఒక్క క్షణం ఆపాడు.

మూడు రోజులు కళ్లు తెరవలేకపోయాడు. బండల సందులో పడుకుని, "ఇంకెప్పుడూ ఆ దడివైపు పోను, ఆ కోడికి ఒక్క ముక్క చెప్పను," అని వందసార్లు అన్నాడు. నారమ్మ "సరేలే, తిను," అని ఎండ్రకాయలు ఒలిచి నోట్లో పెట్టింది.

నాలుగోరోజు మధ్యాహ్నం కళ్లు కొద్దిగా తెరుచుకున్నాయి. మొదట కనబడింది గుట్ట వాలున ఉన్న మోదుగు చెట్టు. ఆకు ఒక్కటి లేదు. కొమ్మకొమ్మకీ నిప్పంటించినట్టు పూసి ఉంది. ఈ చెట్టు ఇన్నేళ్లూ ఇక్కడే ఉందా? జంబయ్య లేచి దగ్గరికెళ్లాడు. చుట్టూ తిరిగాడు. కింద రాలిన పువ్వుని ముక్కుతో తిప్పి చూశాడు. ఒక మొగ్గని చాలాసేపు పరీక్షించాడు. తర్వాత అటూ ఇటూ చూశాడు. చెప్పడానికి ఎవరూ లేరు. నారమ్మ నిద్రపోతోంది. లేపితే ఏమంటుందో తెలుసు.

కాసేపు అక్కడే కూర్చున్నాడు. అతని కాళ్లు లాగాయి. వాటంతట అవే గుట్ట దిగాయి.

దడి దగ్గర నిలబడి, "నీకేం చెప్పడానికి రాలేదు," అన్నాడు ముందే.

"వద్దులే అల్లుడూ," అంది చుక్కమ్మ. "కళ్లు తగ్గాయా?"

"తగ్గాయి."

"మోదుగు పూసిందని కర్రెన్న అంటోంది. పువ్వు ఎరుపట కదా. మొగ్గ కూడా ఎరుపే అయి ఉంటుంది."

జంబయ్య పళ్లు బిగించాడు. ఆకాశం చూశాడు. నేల చూశాడు. తోక ఇటూ అటూ కొట్టుకుంది.

"మొగ్గ నలుపు," అన్నాడు చివరికి. "నల్లటి ముఖమల్ టోపీ పెట్టుకుని ఉంటుంది. ఆ టోపీ కిందనుంచి ఎరుపు బయటికొస్తుంది, చిలకముక్కులా..."

అతను చెబుతుండగానే, దడి వెనక కంతలోంచి పదకొండూ ఒకదాని వెనక ఒకటి కల్లంవైపు నడిచాయి. ఆఖరుది ఆగి, తల తిప్పి, "వస్తాం బావా!" అని కూడా అంది. జంబయ్య చూశాడు. పరిగెత్తితే ఒకటైనా దొరికేదే. కానీ చిలకముక్కు సంగతి సగంలో ఉంది. అత్త ఒంటికన్ను అర్ధనిమీలితంగా పెట్టుకుని వింటోంది.

చెప్పడం పూర్తిచేశాకే కదిలాడు. అప్పటికి కల్లంలో ఒక్క కోడిపిల్లా లేదు.

నీతి: అందాన్ని ఎరగా వేయాలనుకున్నవాడు ముందు తన కళ్లకి గంతలు కట్టుకోవాలి.